అడ్డం, నిలువు, ఒక పాత కంప్యూటరు

గళ్ళావిడ అంటే గళ్ళ బట్టలు కట్టుకునే ఆవిడ కాబోలు అనుకుంటారు కొత్తవాళ్ళు. ఆవిడ దగ్గర గళ్ళ బట్ట ఒక్కటీ లేదు, కనీసం గళ్ళ జేబురుమాలైనా లేదు. ఆదివారం పేపర్లో వచ్చే గళ్ళనుడికట్టు కట్టేది ఆవిడే, అందుకని ఆ పేరు. అడ్డం ఆధారాలు, నిలువు ఆధారాలు, మధ్యలో నల్లగళ్ళు, అన్నీ ఆవిడ ఇంట్లో భోజనాల బల్లకీ కిటికీకీ మధ్య ఇరుక్కుని ఉన్న కంప్యూటరు మీద తయారై పత్రికాఫీసుకి వెళ్తాయి.

ఆ కంప్యూటరు గళ్ళావిడ పెళ్ళయిన కొత్తలో ఇంటికొచ్చింది. అప్పట్లో దాన్ని చూడటానికి పక్కవాటా వాళ్ళు కూడా వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇప్పుడు దాన్ని నిద్రలేపడం ఒక పెద్ద తతంగం. మీట నొక్కితే ముందు మూలుగుతుంది. ఈలోగా గళ్ళావిడ పాలు కాచి, స్నానం చేసి, తడిబట్టలు ఆరేసి, జుట్టు తుడుచుకుంటూ వచ్చేసరికి తెరమీద ఇసుక గడియారం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. వేడెక్కిపోతుందని పక్కమూత తీసేసి దానికి ఎదురుగా చిన్న ఫ్యాను పెట్టారు. ఎండాకాలంలో మనుషులకి గాలి ఆడకపోయినా ఫరవాలేదు గానీ దానికి ఆడాలి. పైగా కీబోర్డులో 'ళ' పడదు. వేలితో కాదు, పిడికిలితో గుద్దాలి. కొత్త కీబోర్డు తెస్తే దాని మూతి దీని కన్నంలో పట్టలేదు. కొంతకాలంగా ఆవిడ గళ్ళలో కాకులూ చిలకలూ తప్ప కోళ్ళు కనబడకపోవడానికి కారణం అదే.

అయినా దాన్ని ఎవరూ ఏమీ అనకూడదు. గళ్ళావిడ భర్తకి కళ్ళజోళ్ళ షాపు ఉంది. ఆయన ఆ కంప్యూటరుని ముట్టుకున్నది లేదు గానీ, ఏరి కోరి కొన్నది తనే కాబట్టి, దాన్నెవరైనా చిన్నమాటంటే తన వంశాన్ని అన్నట్టు ముఖం పెట్టేవాడు. మధ్యాహ్నం పూట దానిమీద రాజ్యం అత్తగారిది. భోజనం కాగానే కుర్చీ లాక్కుని, తెరమీద పేకముక్కలు పరుచుకుని ఒక్కతే ఆడుకునేది. గెలిస్తే ఇంట్లో అందరికీ చెప్పేది. ఓడితే, కంప్యూటరు ముక్క దాచేసిందనేది.

ఇలా సాగిపోతుండగా ఒక శుక్రవారం గళ్ళావిడ ఆ వారం నుడికట్టు పంపడానికి కూర్చుంది. ప్రతివారం కంప్యూటరులో ఆవిడ తయారుచేసిన కాగితాలు రెండుంటాయి. ఒకటి ఖాళీగళ్ళది. ఇంకోటి జవాబులు నింపినది, అది పైవారం వెయ్యడానికి. ఖాళీగళ్ళదాన్ని నొక్కింది. ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ నొక్కింది. అసలు మౌసు బతికుందా లేదా అని రెండోదాన్ని నొక్కింది. విసుగొచ్చి ఇంకో నాలుగుసార్లు టకటకా కొట్టింది. అప్పుడు ఆ నొక్కుళ్ళన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చినట్టున్నాయి దానికి, కిటికీ మీద కిటికీ తెరుచుకుంటూ పోయింది. ఆ హడావిడిలో ఈమెయిలుకి ఏది అంటించిందో, ఏది పంపిందో చూసుకోలేదు. వెళ్ళింది కదా, అదే పదివేలు అనుకుని లేచింది.

ఆదివారం పేపరు వచ్చింది. గళ్ళన్నీ నిండి ఉన్నాయి.

ముందు నమ్మలేదు ఆవిడ. ఎవరో ముందే పేపరు తీసి నింపేశారేమో అనుకుంది. అచ్చక్షరాలతో ఎవరు నింపుతారు? ఇంతలో ఫోన్లు మొదలయ్యాయి. ఒకాయన, "అమ్మా, ఇన్నేళ్ళలో మొదటిసారి మొత్తం పూర్తయిందండీ, చాలా సంతోషం," అన్నాడు. ఇంకొకాయన అన్ని జవాబులూ కళ్ళముందు పెట్టుకుని కూడా, "నిలువు పన్నెండు మాత్రం నాకు నచ్చలేదు," అన్నాడు. భర్త పగలబడి నవ్వబోయి, భార్య ముఖం చూసి నవ్వుని దగ్గుగా మార్చుకున్నాడు. అత్తగారు మాత్రం ఆ రోజంతా ముఖం ముడుచుకుని కూర్చుంది. పేపరు బల్లమీద విసిరి కొట్టింది. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు.

మర్నాడు ఆదివారం పేజీలు చూసే ఉపసంపాదకుడు ఫోన్ చేశాడు. నెమ్మదస్తుడు. అరవలేదు. "అమ్మా, మీ కంప్యూటరుకి ఎన్నేళ్ళు?" అని మాత్రం అడిగాడు. ఆవిడ చెప్పింది. అవతలాయన ఆ అంకెని మరోసారి చెప్పించుకున్నాడు. "ఏదో ఒకటి చేయండమ్మా. బాగు చేయించండి, లేదా మార్చండి. ఇంకో వారం ఇలా వస్తే నన్ను గళ్ళలో పెట్టి నల్లరంగు పూస్తారు."

ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర పంచాయితీ పెట్టారు.

"ఇందులో ఆలోచించడానికేముంది?" అన్నాడు భర్త. "డిస్కు ఒకటి మార్చి, మెమరీ కాస్త పెంచితే సరి. గుర్రంలా పరిగెడుతుంది."

"పరిగెత్తడం దేవుడెరుగు, ముందు లేచి నిలబడమనన్నయ్యా," అన్నాడు మరిది. ఈ మరిది నీళ్ళ మీటర్ల ఆఫీసులో పనిచేస్తాడు, వీళ్ళతోనే ఉంటాడు. కనబడ్డ ప్రతి వస్తువునీ విప్పి చూడటం అతని సరదా. అందుకని ఆ ఇంట్లో స్క్రూడ్రైవరుని బీరువాలో బట్టల కింద దాస్తారు. "వదినా, నా మాట విని కొత్తది కొనెయ్యి. హాయిగా ఉంటుంది."

"దాని జోలికెవరైనా వెళ్తే ఊరుకోను," అంది అత్తగారు. "నా పేక అందులో ఉంది."

"నా మాటలన్నీ కూడా అందులోనే ఉన్నాయి," అంది గళ్ళావిడ. నుడికట్టుకి పనికొచ్చే పదాలు, వాడిన ఆధారాలు, వాడాల్సిన ఆధారాలు, ఇన్నేళ్ళుగా దాచుకున్న మూట మొత్తం ఆ పెట్టెలోనే ఉంది. అది తలుచుకుంటే బాగుచేయించాలన్నా భయమే, మార్చాలన్నా భయమే. "ఏమో, నాకేం తోచడంలేదు," అని కంచం తీసుకుని లేచిపోయింది.

మరిది మనసాగలేదు. అసలు రోగమంతా దుమ్మేనని, అది దులిపితే చాలని అతనికి గట్టి నమ్మకం. వదిన కూరగాయలకి వెళ్ళిన సమయం చూసి, బీరువాలోంచి స్క్రూడ్రైవరు సంపాదించి, కంప్యూటరుని నేలమీద పడుకోబెట్టి విప్పేశాడు. జుట్టు ఆరబెట్టుకునే మెషీనుతో గాలి కొట్టాడు. దుమ్ము మేఘంలా లేచింది. ఎన్నాళ్ళనుంచో కనబడని చొక్కా గుండీ ఒకటి, బల్లిగుడ్డు పెంకులు రెండు బయటపడ్డాయి. అన్నీ తుడిచి, అన్నీ బిగించి, లేచి చూస్తే ఒక స్క్రూ మిగిలింది. దాన్ని జేబులో వేసుకుని మీట నొక్కాడు.

కంప్యూటరు కుయ్ కుయ్ కుయ్ అని మూడుసార్లు అరిచింది. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది.

అప్పుడే అత్తగారు పేకకని వచ్చి కుర్చీలో కూర్చుంది. నల్లటి తెరకేసి చూసింది. నేలమీద దుమ్ము చూసింది. చిన్నకొడుకుని చూసింది. "నా రాణి ఎక్కడ్రా?" అంది.

"అరుస్తోందిగా అమ్మా. అంటే బతికే ఉంది," అన్నాడతను.

కూరగాయల సంచితో తిరిగొచ్చిన గళ్ళావిడ గుమ్మంలోంచే అంతా చూసింది. సంచి కింద పెట్టి, ఆ పెట్టె పక్కన నేలమీద కూర్చుండిపోయింది. ఆవిడ అరిచి ఉంటే బాగుండేది. అరవకపోయేసరికి మరిది అక్కడ నిలబడలేకపోయాడు. చెప్పులు వేసుకుని పరిగెత్తి, రెండు వీధుల అవతల కంప్యూటర్లు బాగుచేసే ఆవిడని వెంటబెట్టుకొచ్చాడు.

ఆ రిపేరావిడకి చెవిలో ఎప్పుడూ ఫోను మోగుతూనే ఉంటుంది. ఎవరితో మాట్లాడుతోందో ఎదుటివాళ్ళకి తెలీదు. వచ్చీ రాగానే పెట్టె ముందు మోకాళ్ళమీద కూర్చుని, టార్చి వేసి, లోపలికి తొంగిచూసి, "లాభం లేదు, అది పోయింది. ఇంక తీసి పారెయ్యండి," అంది.

భర్త గోడకి ఆనుకున్నాడు. గళ్ళావిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్తగారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. రిపేరావిడ తలెత్తి వాళ్ళ ముఖాలు చూసి కంగారుపడింది.

"అయ్యో, మీది కాదండీ! మా షాపులో ప్రింటరు సంగతి. మా ఆయనతో మాట్లాడుతున్నా."

మరిది సరిగా కూర్చోబెట్టని మెమరీ ముక్కని ఆవిడ బొటనవేలితో టక్కున నొక్కింది. ఇసుక గడియారం మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది. ఆ గడియారాన్ని చూసి ఆ ఇంట్లో అంత సంతోషపడటం అదే మొదలు.

"ఇప్పుడు చెప్పమ్మా," అన్నాడు భర్త ధైర్యం తెచ్చుకుని. "డిస్కూ, మెమరీ మారిస్తే సరిపోతుంది కదూ?"

"మారిస్తే ఇంకొన్నాళ్ళు లాగుతుంది. ఇప్పటికంటే బాగా లేస్తుంది కూడా. కాకపోతే ఇదిగో, ఇక్కడ చూడండి," అని బోర్డు మీద వరసగా ఉన్న చిన్నచిన్న డబ్బాల్లాంటివి చూపించింది. "ఇవి ఉబ్బాయి. ఎప్పుడు పేలతాయో నేను చెప్పలేను. రేపు పేలొచ్చు, రెండేళ్ళు పేలకపోవచ్చు."

"మీరైతే ఏం చేస్తారు?" అడిగింది గళ్ళావిడ.

"నేనైతే మీకు రెండూ అమ్ముతాను," అని నవ్వింది రిపేరావిడ. తర్వాత నవ్వాపి, "ఎవరిదైనా కొత్త లాప్‌టాప్ తీసుకుని ఒక వారం పనిచేసి చూడండి. మీ పని అందులో సాగితే కొత్తది కొనండి. సాగకపోతే నాకు కబురు పెట్టండి, దీన్నే బాగుచేస్తాను," అని, చెవిలో ఫోనుతో "వస్తున్నా, వస్తున్నా" అంటూ వెళ్ళిపోయింది.

తప్పు చేసినవాడు కాబట్టి మరిది తన లాప్‌టాప్ తెచ్చి వదిన ముందు పెట్టాడు. మర్నాడు పొద్దున్న గళ్ళావిడ అలవాటు చొప్పున మీట నొక్కి, పాలు పొయ్యిమీద పెడదామని ఇటు తిరిగేలోగా అది తయారై కూర్చుంది. ఆవిడకి ఏం చెయ్యాలో తోచలేదు. పాలు కాగలేదు, స్నానం కాలేదు, బట్టలు బకెట్లోనే ఉన్నాయి, అది మాత్రం ఊఁ చెప్పు అన్నట్టు చూస్తోంది. ముందే వచ్చేసిన చుట్టాన్ని చూసినట్టు చూసింది దాన్ని.

పదాల మూట ఇందులోకి ఎక్కించి తెరిచింది. తెలుగు లేదు. తోకలున్న ఇంగ్లీషక్షరాలు, తలకిందుల ప్రశ్నార్థకాలు, నక్షత్రాలు. పాత కంప్యూటరులో రాసిన అక్షరాల పద్ధతి వేరట, కొత్తవి దాన్ని చదవలేవట. మరిది ఎక్కడో వెతికి, పాత అక్షరాలని కొత్త అక్షరాలుగా మార్చే సరంజామా ఒకటి తెచ్చి నడిపించాడు. తెలుగు వచ్చింది, కానీ ఒత్తులు రాలిపోయాయి. అమ్మ అమ అయింది. చెప్పులు చెపులయ్యాయి. కుక్క కుక అయింది.

"చూశావా, అర్థమవుతోందిగా," అన్నాడు మరిది ఆశగా.

"నాకర్థమైతే చాలా? ఒక గడికి ఒక అక్షరం. అందులో ఒత్తు లేకపోతే అది నుడికట్టు కాదు, నత్తి." లాప్‌టాప్ మూత దించేసింది. "ఇది నావల్ల కాదు. పాతదాన్నే బాగుచేయించండి."

భర్త ఛాతీ పొంగింది. "నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను," అంటూ రిపేరావిడ నంబరు వెతకడానికి లేచాడు.

"ఆగరా," అంది అత్తగారు.

అందరూ అటు తిరిగారు. అత్తగారు పాత కంప్యూటరు ముందు కుర్చీలో సర్దుకుని కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుంటోంది. "ఇందులో చదవడానికి వస్తోంది కదా. నేను చదువుతాను, నువ్వు అందులో కొట్టు."

"అత్తయ్యా, మొత్తమా? ఎంత ఉందో తెలుసా మీకు?"

"ఎంతుంటే అంత. ఆ డబ్బాలు ఎప్పుడు పేలతాయో తెలీదని ఆ పిల్ల చెప్పింది విన్లేదూ? పేలితే నా పేక పోతుంది. పోతే ఇంకోటి ఆడుకుంటాను. నీ మాటలు పోతే ఎక్కణ్ణుంచి తెస్తావమ్మాయ్?"

అత్తగారినుంచి అలాంటి మాట వస్తుందని గళ్ళావిడ అనుకోలేదు. లాప్‌టాప్ తెచ్చి పక్కన పెట్టుకుంది.

అలా మొదలైంది. మధ్యాహ్నం అంట్లు తోముకోగానే ఇద్దరూ పక్కపక్కన కూర్చునేవారు. అత్తగారు పాతదాంట్లోంచి ఒక్కొక్క ఆధారం బిగ్గరగా చదివేది, కోడలు కొత్తదాంట్లో కొట్టేది. పాతది మధ్యలో ఆగిపోతే అత్తగారు దాని నెత్తిన ఒక్కటిచ్చేది. కొత్తదాంట్లో 'ళ' వెన్నలా పడుతోంటే గళ్ళావిడ అవసరం లేకపోయినా రెండుసార్లు కొట్టి చూసుకునేది.

మూడోరోజో నాలుగోరోజో అత్తగారు ఒక ఆధారం చదవబోయి ఆగింది. గొంతు సవరించుకుంది.

"అడ్డం. తాను వండితే అమృతం, కోడలు వండితే ఉప్పుకషాయం అనే మనిషి. నాలుగు."

గళ్ళావిడ వేళ్ళు ఆగిపోయాయి.

"జవాబేంటమ్మాయ్?"

"అదీ... గుర్తులేదత్తయ్యా. తర్వాతది చదవండి."

"నాలుగక్షరాలు."

"ఏదో ఉంటుంది లెండి."

"అత్తగారు," అంది అత్తగారు. తెరని కిందికి జరిపింది. "నిలువు. చెప్పిందే మళ్ళీ చెప్పినా మొదటిసారి చెబుతున్నట్టు చెప్పగల బంధువు. రెండు. ఇదీ నేనే." ఇంకా జరిపింది. "అందరికంటే ముందు లేచి, అందరూ ఆలస్యంగా లేచారని చెప్పేది. రెండు. ఇదెవరో?"

గళ్ళావిడ ముఖం ఎర్రబడిపోయింది. భూమి చీలితే బాగుండుననుకుంది. "అత్తయ్యా, అది... ఊరికే సరదాకి... అందరి అత్తల గురించీ..."

"ఆదివారం పేపరు ఈ ఇంటికి కూడా వస్తుందమ్మాయ్."

"మీరు... చదివారా?"

"చదవడమేంటి? ప్రతివారం నింపుతాను. నువ్వు వంటింట్లో ఉండగా కిందింటి టీచరమ్మ దగ్గరికెళ్ళి ఇద్దరం కూర్చుని నింపుతాం. రెండక్షరాలుండి కాస్త వెటకారంగా ఉంటే ఆలోచించకుండా నన్నే రాసేస్తుంది ఆవిడ. మొన్న గళ్ళన్నీ నింపి పంపావు చూడు, ఆ ఆదివారం మా ఇద్దరికీ ఏం చెయ్యాలో తోచక చచ్చాం."

ఆరోజు పేపరు ఎందుకు విసిరికొట్టిందో గళ్ళావిడకి ఇప్పుడర్థమైంది. "మరి ఇన్నాళ్ళూ నాతో ఒక్కమాటైనా అనలేదే?"

"ఏమంటాను? బాగానే రాస్తావ్. కానీ ఇది మాత్రం తప్పు." అత్తగారు వేలితో తెరని పొడిచింది. "ఉప్పు గురించి నేనెప్పుడన్నాను? నేనన్నది కారం గురించి. ఆధారమే తప్పయితే జనం ఎలా నింపుతారు?"

గళ్ళావిడ రెండు క్షణాలు ఆవిడ వంక చూసి, ఆపుకోలేక నవ్వేసింది. అత్తగారు నవ్వలేదు గానీ పెదవి ఒక పక్కకి లాగింది. "దిద్దు," అంది. కోడలు ఉప్పుకషాయం తీసేసి కారంకషాయం అని దిద్దింది.

ఆ తర్వాత చదవడం సగం, దిద్దడం సగం అయింది. ఇది పాతబడింది తీసెయ్యమనేది అత్తగారు. ఇదెవరికీ తెలీదనేది. మరిది అటుగా వెళ్తుంటే చూసి, "వీడికొకటి రాసుకో. అన్నీ విప్పుతాడు, ఒక్కటీ బిగించడు. మూడు," అంది. అతను విననట్టు నడిచిపోయాడు. మధ్యలో కోడలు లాప్‌టాప్‌లో అక్షరాలు పెద్దవి చేసి చూపిస్తే, అత్తగారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి అడుగు దూరం నుంచి చదివేసింది. సాయంత్రం షాపునుంచి వచ్చిన కొడుకు ఆ కళ్ళజోడుని చూసి, "ఇలా అయితే నా వ్యాపారం గోవిందా," అన్నాడు.

మూటలో ఆఖరిమాట ఇవతలికి చేరిన రోజున పాత కంప్యూటరు ఇంకా మూలుగుతూనే ఉంది. డబ్బాలు పేలలేదు. ఇంక దాన్ని బాగుచెయ్యాలా, మార్చాలా అని ఎవరూ అడగలేదు. బాగుచేయించి అందులో పెట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. భర్త మాత్రం దాని పక్కన కాసేపు నిలబడి, మూతమీద చెయ్యి వేసి, "మంచి మెషీను," అన్నాడు. ఎవరూ కాదనలేదు. రిపేరావిడ వచ్చి, బాగున్న ముక్కలు వేరేవాళ్ళకి పనికొస్తాయని పట్టుకెళ్ళింది. ఆ వారంలోనే మరిది లాప్‌టాప్ మరిదికిచ్చేసి, అలాంటిదే ఒకటి కొన్నారు. అందులో పేకాట ఉందో లేదో షాపులోనే అడిగి చూసుకుంది అత్తగారు.

కొత్తదాని మీద మొదటి నుడికట్టు కడుతున్నప్పుడు నిలువు ఏడు దగ్గర మూడక్షరాలు ఖాళీ ఉండిపోయాయి. గళ్ళావిడ 'కోడలు' అని పెట్టి ఆధారం కోసం ఆలోచిస్తోంటే వెనకనించి అత్తగారు అందించింది.

"ఊరందరికీ ఆధారాలిస్తుంది, అత్తకి మాత్రం జవాబివ్వదు."

"నేను జవాబివ్వనా?" అంది గళ్ళావిడ చటుక్కున.

"ఇప్పుడిచ్చావుగా. ఫరవాలేదు, అలాగే ఉంచు."

ఒక్క అక్షరం మార్చకుండా కొట్టింది కోడలు. ఖాళీగళ్ళ కాగితమే వెళ్ళిందని రెండుసార్లు చూసుకుని మరీ పంపింది. ఆదివారం అచ్చయింది. సోమవారం ఉపసంపాదకుడు ఫోన్ చేసేసరికి గళ్ళావిడ చేతులనిండా సబ్బు ఉండటంతో ఫోను అత్తగారు తీసింది.

"నిలువు ఏడు చాలా బాగుందమ్మా," అన్నాడాయన.

"బాగుంటుంది. నేను రాసింది."

అవతలాయన ఏమన్నాడో గానీ, అత్తగారు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, కంప్యూటరు ముందు కుర్చీలో కూర్చుని, తనకి ఇంకా ఏమేం తోచాయో ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ ఇప్పట్లో లేచేలా లేదు. గళ్ళావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, కాసేపు వెనక నిలబడి చూసి, భోజనాల బల్ల దగ్గర తెల్లకాగితం పరుచుకుంది. స్కేలు పెట్టి పై వారానికి గళ్ళు గీసుకుని, పెన్సిలుతో ఒక్కొక్కటే నల్లగళ్ళు నింపసాగింది.